డ్రమ్‌హెల్లర్ వేరు, డైనోసార్ పార్కు వేరు

సంపాదకులకు,

మూడు వారాల కిందటి ఆదివారం అనుబంధంలో కెనడాలోని అల్బెర్టా రాష్ట్ర యాత్ర మీద మీరు వేసిన పేజీ ఇంకా వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంది. అందుకే ఆలస్యమైనా రాయక తప్పడం లేదు.

‘డ్రమ్‌హెల్లర్‌లోని డైనోసార్ ప్రొవిన్షియల్ పార్కు’ అన్నారు. డ్రమ్‌హెల్లర్ ఊళ్లో ఉన్నది రాయల్ టిరెల్ అనే డైనోసార్ మ్యూజియం. పార్కు అక్కణ్ణుంచి రెండు గంటల దారి, బ్రూక్స్ అనే ఊరి వైపు. రెండూ రెడ్ డీర్ నది ఒడ్డునే ఉన్నాయి, నిజమే. భద్రాచలం, రాజమండ్రి కూడా గోదావరి ఒడ్డునే ఉన్నాయి మరి! పిల్లల్ని చూడ్డానికి వచ్చిన పెద్దవాళ్లను ఎక్కించుకుని మీ పేజీ నమ్మి బయల్దేరితే వాళ్ల గతేంటి?

కాల్గరీ నుంచి పార్కుకు సుమారు రెండున్నర గంటలు. పెట్రోలు బ్రూక్స్‌లోనే నింపుకోవాలి. ఆ తర్వాత తగిలే పట్రీషియా గుప్పెడు ఇళ్ల పల్లె. అక్కడి పాత హోటల్‌కి స్టేకు మనమే కాల్చుకునే పద్ధతి వల్ల పేరొచ్చింది. శాకాహారులు పులిహోర కట్టుకెళ్లడం మేలు.

‘వర్షంలో మరింత అందం’ అని కూడా రాశారు! పార్కులోని ఆ బోడి గుట్టల్లో, అంటే బాడ్‌ల్యాండ్స్‌లో, ఉన్నది బెంటొనైట్ బంకమట్టి. ఎండినప్పుడు పైన పేలాల్లా పొడిపొడిగా ఉంటుంది. నాలుగు చినుకులు పడితే సబ్బులా జారుతుంది, బూటు అడుగున రొట్టెలా పేరుకుంటుంది. వాన పడిందంటే బాడ్‌ల్యాండ్స్ బాట ఎక్కకూడదు. ఎండాకాలం పల్లంలో 35 డిగ్రీలు దాటే రోజులుంటాయి, నీళ్లు వెంట ఉండాలి. నీడ కోసం నది ఒడ్డున కాటన్‌వుడ్ చెట్ల కిందికి పోతే దోమలు సిద్ధం.

ఇవన్నీ ఒక ఎత్తు, ‘పిల్లలు గుర్తుగా ఎముక ముక్కలు ఏరుకోవచ్చు’ అన్నది ఒక ఎత్తు. రాయిలో తేనెపట్టు లాంటి సన్న గూళ్లు కనిపిస్తే అది డైనోసార్ ఎముక కావచ్చు. ఉన్నచోటే వదిలేయాలి. అల్బెర్టా చట్టం ప్రకారం జరిమానా 50,000 డాలర్ల దాకా పడొచ్చు, జైలు కూడా. పార్కులో ఎక్కువ భాగంలోకి గైడుతో తప్ప అడుగు పెట్టనివ్వరు, ఆ టికెట్లు ముందే కొనుక్కోవాలి. 1979 నుంచి యునెస్కో జాబితాలో ఉన్న చోటు అది, మన సంత కాదు.

ఒకప్పుడు ఊరి పేరు రాసే ముందు అట్లాసు తీసేవారు. ఇప్పుడు ఎవరో తీసిన వీడియో చూసి పేజీ నింపుతున్నారు. మన తెలంగాణలోనే యామన్‌పల్లి దగ్గర తవ్వి తీసిన కోటసారస్ అనే డైనోసార్ ఎముకల గూడు హైదరాబాద్ బిర్లా మ్యూజియంలోనే నిలబడి ఉంది. సిటీ బస్సెక్కితే చూడొచ్చు. దాని గురించి ఒక్క పేజీ వేశారా?

పోనీ, ఎముకల సంగతికైనా సవరణ వేయండి. కళ్లజోడు పెట్టుకుంటే కనిపించేంత అక్షరాల్లో.

— ఒక పాఠకుడు, కాల్గరీ