ఫిబ్రవరి నుంచి మా దగ్గర కాంక్రీటు క్యూబులు టెస్ట్ చేయించుకున్నవాళ్లకు

కడపలో మా ల్యాబ్‌కు వచ్చే కాంట్రాక్టర్లకు, సైట్ ఇంజనీర్లకు, సొంత ఇల్లు కట్టుకుంటున్నవాళ్లకు నమస్కారం. ఫిబ్రవరి 10 నుంచి ఏప్రిల్ 22 దాకా మేమిచ్చిన 61 కంప్రెషన్ రిపోర్టుల్లో (నొక్కితే ఎంత బరువుకు పగిలిందో చెప్పేవి) అంకెలు తప్పు. క్యూబులను నొక్కి పగలగొట్టే మా మిషన్ దాదాపు 4 శాతం ఎక్కువ చూపించింది. తప్పు మాదే.

ఫిబ్రవరిలో మిషన్ డిస్‌ప్లే చెడిపోతే సర్వీసు అబ్బాయిని పిలిపించి కొత్తది వేయించాం. అతను వెళ్లాక మళ్లీ కేలిబ్రేషన్, అంటే మిషన్ సరైన అంకె చూపిస్తోందో లేదో కొలిపించడం, చేయించాలి. చేయించలేదు. మిషన్ మీద స్టిక్కర్‌లో సెప్టెంబర్ దాకా గడువుంది కదా అనుకున్నాం. ఆ స్టిక్కర్ పాత డిస్‌ప్లే ఉన్నప్పటిది. తనిఖీకి వచ్చే అసెసర్ల ముందు కూర్చుని, ల్యాబులు ఎలా నడవాలో చెప్పే ఐఎస్ఓ 17025 మీద గంటలకొద్దీ జవాబులు చెప్పినవాణ్ణి, ఇది మాత్రం తట్టలేదు నాకు.

బయటపడింది క్యూబుల వల్లే. ఒకే మాల్‌తో ఆరు క్యూబులు పోసి మూడు మేం, మూడు అనంతపురంలో ఇంకో ల్యాబ్ పగలగొట్టి పోల్చుకోవడం మాకు అలవాటు. మార్చిలో మావి ఎక్కువొచ్చాయి. కాంక్రీటు కదా, ఆ మాత్రం తేడా ఉంటుందిలే అనుకున్నాం. ఏప్రిల్‌లోనూ మావే ఎక్కువ. ఒకసారి పైకి, ఒకసారి కిందికి వస్తే అది కాంక్రీటు గుణం. ప్రతిసారీ పైకే పోతుంటే మిషన్‌ను అనుమానించాలి. వెంటనే మిషన్ ఆపి, లోడు సరిగ్గా కొలిచే ప్రూవింగ్ రింగ్ పెట్టించాం. సరిచేయకముందే ఎంత తేడా ఉందో కాగితం మీద రాయించుకున్నాం. లేకపోతే పాత రిపోర్టులు దిద్దడానికి ఆధారమే ఉండదు.

4 శాతం అంటే ఎంతో చెబుతాను. 150 మి.మీ. క్యూబు పగిలేటప్పుడు మిషన్ 585 కిలోన్యూటన్లు చూపిస్తే రిపోర్టులో బలం 26 (చదరపు మి.మీ.కు 26 న్యూటన్లు) అని వేస్తాం. అసలు లోడు 562.5, అంటే సరిగ్గా 25. 25 బలం ఉండాల్సిన ఎం25 కాంక్రీటుకు అది అంచు. మిక్స్ డిజైన్ (ఏది ఎంత కలపాలో లెక్క) చేయించి, నీళ్లు కొలిచి పోసినవాళ్లకు 31, 32 వస్తాయి కాబట్టి వాళ్లకు టెన్షన్ లేదు. అంచు మీద ఉన్నవాళ్లకే చిక్కు.

తెలిసిన కాంట్రాక్టరు ఒకాయన, "నాలుగు శాతం ఎవురికి తెలుస్తాదన్నా, ఊరికే ఎందుకు గెలుక్కుంటావు" అన్నాడు. ఆయన రిపోర్టు కూడా ఆ 61లోనే ఉంది.

61 రిపోర్టులూ వెనక్కి తీసుకుని దిద్దినవి ఇస్తున్నాం, డబ్బులేమీ అక్కర్లేదు. ఇటుకల రిపోర్టులూ అందులోనే ఉన్నాయి, వాటినీ ఆ మిషన్ మీదే పగలగొట్టాం. కమ్ములది వేరే మిషన్. ఇసుక, కంకర, మట్టి టెస్టులకూ దీనికీ సంబంధం లేదు. పాత రిపోర్టుతో బిల్లు పెట్టి ఉంటే దిద్దినది కూడా ఆఫీసులో ఇవ్వండి, కావాలంటే నేనే వచ్చి వివరిస్తాను.

మిషన్‌కు కొత్త కేలిబ్రేషన్ సర్టిఫికెట్ వచ్చి, మా లెక్కలు మేం సరిచూసుకునేదాకా కంప్రెషన్ రిపోర్టుల మీద ఎన్ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తు వేయం. అది తప్పనిసరి అయిన ప్రభుత్వ పనులకు ఈలోపు వేరే ల్యాబ్‌కు వెళ్లండి, మేమేమీ అనుకోం. వెళ్లేముందు ఒకటి చూసుకోండి. ఎన్ఏబీఎల్ గుర్తింపు ల్యాబ్ మొత్తానికి గంపగుత్తగా ఇచ్చేది కాదు, ఏ టెస్టుకు ఆ టెస్టుకు ఇస్తారు. బోర్డు మీద గుర్తు ఉన్నంత మాత్రాన మీ టెస్టు అందులో ఉన్నట్టు కాదు. ఏయే టెస్టులకు గుర్తింపు ఉందో రాసి ఉండే స్కోప్ కాగితం అడిగి చూడండి. మమ్మల్నీ అడగండి.

ఇక అసలు కష్టం. దిద్దాక నలుగురి ఫలితాలు గీత కిందికి పోయాయి. పగిలిన క్యూబును మళ్లీ పగలగొట్టలేం. స్లాబు మీద రీబౌండ్ హ్యామర్‌తో (కొడితే ఎంత ఎగిరిందో చూసి బలం అంచనా వేసే పరికరం) కొట్టి చూస్తే సరిపోదా అని ఇద్దరు అడిగారు. హ్యామర్ అంచనాలో 25 శాతం దాకా తేడా ఉండొచ్చు, 4 శాతం గొడవను అది తీర్చలేదు. కోర్ తీయాల్సిందే, అంటే కట్టిన కాంక్రీటులోంచి గుండ్రటి ముక్క కోసి తీసి పగలగొట్టి చూడాలి. కాంక్రీటు పనుల ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం కనీసం మూడు కోర్‌లు తీయాలి. వాటి సగటు ఉండాల్సిన బలంలో 85 శాతానికి, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకూడదు. నలుగురికీ ఆ ఖర్చు మాదే, రంధ్రాలు పూడ్చే పనీ మాదే. ఈ వేసవి లాభం అందులోనే పోతుంది, పోనీ.

నలుగురితోనూ ఫోన్‌లో మాట్లాడాను. సోమవారం పొద్దున ఏడింటికి మొదటి ఇంటికి వస్తున్నాం. కోర్ మిషన్ నీళ్లు బాగా తాగుతుంది, ముందురోజు రాత్రే ట్యాంకు నింపి పెట్టండి.