కారు కార్పెట్‌ను తడపడం సులువు, ఆరబెట్టడమే కష్టం

సంపాదకులకు నమస్కారం.

కారు లోపలి శుభ్రత గురించి మీ పత్రిక ఇటీవల ప్రచురించిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. కార్పెట్ మీది మరకలను నురుగుతో బాగా నానబెట్టి, బ్రష్‌తో గట్టిగా రుద్ది, ఆపైన ధారాళంగా నీళ్ళు పోసి కడగాలని అందులో సూచించారు. బయటికి తీసి ఎండలో ఆరవేయగలిగిన మ్యాట్ల విషయంలో ఈ సలహా కొంతవరకు పనికివస్తుంది. కారు నేలకు శాశ్వతంగా అమర్చిన కార్పెట్‌ను ఇలా కడిగితే మాత్రం మరక పోయినా అంతకంటే పెద్ద చిక్కు వచ్చిపడుతుందని పాఠకులకు తెలియజేయడం అవసరమని భావించి ఈ లేఖ రాస్తున్నాను.

కారు కార్పెట్లను చాలావరకు నైలాన్, పాలిప్రొపిలీన్, పాలియెస్టర్ వంటి కృత్రిమ నూలుతో తయారు చేస్తారు. ఈ పోగులు నీటిని పెద్దగా పీల్చుకోవు కాబట్టి పైభాగం త్వరగానే పొడిబారుతుంది. అయితే శబ్దాన్నీ వేడినీ అడ్డుకోవడానికి కార్పెట్ కింద ఫోమ్‌తోనో, ఒత్తిన పీచుతోనో చేసిన మందపాటి పొర ఒకటి ఉంటుంది. పైనుంచి పోసిన నీరు ఆ పొరలోకి దిగి, దాని కింద ఉన్న లోహపు నేల మీద నిలిచిపోతుంది. చేత్తో తడిమితే ఆరినట్టే అనిపించే కార్పెట్ అడుగున రోజుల తరబడి తడి ఉండటానికి కారణం ఇదే. తడిసిన పొరలో 24 నుంచి 48 గంటల్లోపే బూజు పట్టడం మొదలవుతుంది. అద్దాలు మూసి ఉంచిన కారులో ముక్కిపోయిన వాసన వస్తే చాలామంది సుగంధ ద్రవ్యాలతో దాన్ని కప్పిపెట్టాలని చూస్తారే గాని, దాని మూలం తమ కాళ్ళ కిందే ఉందని గ్రహించరు. బూజు గాలిలోకి వదిలే సూక్ష్మకణాలు ఆస్తమా, అలర్జీ ఉన్నవారికి ఎంతో ఇబ్బంది కలిగిస్తాయి. పైగా కార్పెట్ కిందుగా, సీట్ల కిందుగా విద్యుత్ తీగలు వెళ్తాయి. సీటు బెల్టులకు, ఎయిర్‌బ్యాగులకు సంబంధించిన కనెక్టర్లు కూడా చాలా కార్లలో సీట్ల కిందే ఉంటాయి. వాటికి తుప్పు పట్టి హెచ్చరిక దీపం వెలిగిన రోజున, ఎప్పుడో పోసిన నీళ్ళను ఎవరూ గుర్తు చేసుకోరు.

కాబట్టి తక్కువ నీటితో శుభ్రం చేసి, ఎక్కువ సేపు ఆరబెట్టడమే సరైన పద్ధతి. పొడి మట్టినీ ఇసుకనూ ముందుగా వ్యాక్యూమ్ క్లీనర్‌తో పూర్తిగా తీసివేయాలి. బురద తడిగా ఉన్నప్పుడు తుడిస్తే లోపలికి ఇంకుతుంది గనుక, అది ఎండేదాకా ఆగి దులపడమే మేలు. ఏదైనా ద్రవం ఒలికితే మాత్రం ఆలస్యం చేయకుండా, రంగు వదలని తెల్లటి పొడిగుడ్డతో అద్ది పీల్చాలి. రుద్దితే పోగుల పురి విడిపోవడమే గాక, మరక మరింత వెడల్పవుతుంది. అంచుల నుంచి మధ్యకు అద్దుకుంటూ రావడం వల్ల అది పాకకుండా ఉంటుంది.

అన్ని మరకలకూ ఒకే మందు పనిచేయదు. నూనె, గ్రీజు మరకలకు గిన్నెలు తోమే ద్రవాన్ని గోరువెచ్చని నీటిలో కొద్దిగా కలిపి వాడవచ్చు. టీ, కాఫీ మరకలకు నీరు కలిపిన తెల్ల వెనిగర్ ఉపయోగపడుతుంది. రక్తం, పాలు వంటి ప్రోటీన్ మరకలకు చల్లని నీటినే వాడాలి, వేడినీరు తగిలితే ప్రోటీన్ గట్టిపడి పోగులకు అంటుకుపోతుంది. పాల విషయంలో మరక కంటే వాసనే మొండిది. పాల కొవ్వు విరిగినప్పుడు బ్యుటిరిక్ ఆమ్లం వెలువడుతుంది, పైపైన తుడిచినంత మాత్రాన ఆ కంపు పోదు. ఎంజైములు కలిపిన క్లీనర్‌ను పాలు ఇంకిన మేరకు చేరేలా వేసి, దాని మీద రాసి ఉన్నంత సమయం వదిలేస్తేనే ఫలితం కనిపిస్తుంది. ఏ ద్రావణాన్నైనా ముందుగా సీటు కింద కనబడని చోట పరీక్షించి చూడాలి. బ్లీచ్‌ను అసలు వాడకపోవడమే మంచిదని నా అభిప్రాయం. అది రంగును పోగొట్టడమే కాదు, అమ్మోనియా ఉన్న క్లీనర్‌తోనో వెనిగర్‌తోనో కలిస్తే విషవాయువులు పుడతాయి, కారు వంటి ఇరుకైన చోట అది మరీ ప్రమాదకరం.

పోయిందనుకున్న మరక మర్నాడు మళ్ళీ కనబడుతోందని చాలామంది వాపోతుంటారు. ఆరే క్రమంలో అడుగున మిగిలిన మురికి తడితోపాటు పోగుల కొసలకు ఎక్కడమే దీనికి కారణం. శుభ్రం చేసిన చోట పొడి తువ్వాలు మడతపెట్టి, దాని మీద బరువు ఉంచితే ఆ మురికి తువ్వాలుకు అంటుకుంటుంది. సబ్బును కూడా తడిగుడ్డతో పూర్తిగా తీసివేయాలి, మిగిలిన జిగురు కొత్త దుమ్మును పట్టుకుంటుంది. తర్వాత తలుపులు తెరిచి, నేలకు గాలి తగిలేలా ఫ్యాను పెట్టాలి. ఎక్కువ నీరు వాడక తప్పనప్పుడు, తడిని వెంటనే పీల్చే యంత్రం ఉన్నవారితోనే ఆ పని చేయించాలి.

ఏమీ ఒలకకపోయినా కార్పెట్ తడిగా ఉంటే, శుభ్రపరచడానికి ముందు కారణం వెతకాలి. ఏసీ నీరు బయటికి పోయే గొట్టం పూడుకుపోతే ఆ నీరు ముందు సీటు దగ్గర కార్పెట్‌లోకి దిగవచ్చు. తడి జిడ్డుగా, తియ్యటి వాసనతో ఉంటే అది హీటర్ నుంచి కారుతున్న కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం కావచ్చు. అందులో సాధారణంగా ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషపదార్థం కాబట్టి, పిల్లలనూ పెంపుడు జంతువులనూ దూరంగా ఉంచి మెకానిక్‌కు చూపించాలి.

రబ్బరు మ్యాట్లను సబ్బునీటితో కడగడం తేలికే గాని, కడిగాక మెరుపు కోసం టైర్లకు పూసే పాలిష్ రాయడాన్ని తీవ్రంగా వ్యతిరేకిస్తున్నాను. దానివల్ల పెడల్ మీది కాలు జారుతుంది. కడిగిన డ్రైవరు మ్యాట్‌ను దాని కొక్కేలకు తగిలించకుండా వదిలేసినా, పాత మ్యాట్ మీద మరొకటి పరిచినా అది పెడళ్ళ వైపు జరుగుతుంది. జారిన మ్యాట్ యాక్సిలరేటర్‌ను కిందికి పట్టి ఉంచే ప్రమాదం వల్లనే 2009లో టయోటా సంస్థ అమెరికాలో సుమారు 38 లక్షల వాహనాలకు రీకాల్ ప్రకటించింది.

మీ వ్యాసం చదివి ఇప్పటికే కార్పెట్‌ను నీళ్ళతో కడిగినవారు ఉండవచ్చు. వారు కారు తలుపు కింది అంచున ఉండే పట్టీని జాగ్రత్తగా విప్పి, కార్పెట్‌ను కొద్దిగా పైకెత్తి, అడుగు పొరను ఒకసారి నొక్కి చూడాలి. తడి తగిలితే ఆ పొర ఆరేవరకూ కార్పెట్‌ను ఎత్తి ఉంచాలి. ఈ ఒక్క సూచననైనా తదుపరి సంచికలోనే ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు