చెరిపేసిన గడియారం

సంపాదకులకు,

ఆదివాసి చేతిలో ఫోను, ఒంటిమీద జీన్సు కనిపిస్తే చాలు, ‘అయ్యో, వీళ్లూ మనలాగే చెడిపోయారే!’ అని నిట్టూర్చేవాళ్లను ఎందరినో చూశాను. ఆ జాలిలో దాగిన పెత్తనం నన్ను బాధిస్తుంది.

ఇది పాత జబ్బే. 1910లో అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఎడ్వర్డ్ కర్టిస్ పీగన్ తెగకు చెందిన తండ్రీకొడుకులను వారి గుడారంలో ఫోటో తీశాడు. ఇద్దరి మధ్యా ఒక గడియారం ఉంది. అచ్చయిన బొమ్మలో అది లేదు, చెరిపేశారు. కొనేవారి ఊహలోని ఆదివాసికి గడియారం ఉండకూడదు మరి! అదే అమెరికా మైదానాల్లో గుర్రమెక్కిన వీరుణ్ని మాత్రం అసలు సిసలు ఆదివాసి అంటాం. ఆ తెగలకు గుర్రాలు అందింది స్పెయిన్ వలసదారుల వల్లనే. అరువు పాతబడితే సంప్రదాయం, కొత్తదైతే పతనమా?

ఉత్తర ఐరోపాలో సామీ అనే మూలవాసులు మోటారు మంచుబండ్లమీద తిరుగుతూ రెయిండీర్ మందలను కాస్తున్నారు. బ్రెజిల్‌లో కయాపో ఆదివాసులు 1989లో అల్టామిరా పట్టణంలో ఆనకట్టలను ఎదిరిస్తూ జరిపిన సభను తమ వీడియో కెమెరాలతో తామే చిత్రీకరించుకున్నారు. ఈకల కిరీటం పెట్టుకున్న మనిషి భుజాన కెమెరా ఉంటే లోకానికి వింతగా తోచింది కానీ, వారికి అది పోరాటానికి పనికొచ్చే సాధనం.

అమెజాన్ అడవిలోని మరూబో తెగకు ఉపగ్రహ ఇంటర్నెట్ వచ్చిందన్న కథనం 2024లో వెలువడగానే, వారు అశ్లీల చిత్రాలకు బానిసలయ్యారని ఎన్నో వెబ్‌సైట్లు రాసేశాయి. అది అబద్ధమని మూలకథనం రాసిన పత్రికే మళ్లీ చెప్పవలసి వచ్చింది. పాము కరిస్తే సాయానికి కబురు పంపగలగడం వారికి ఎంత పెద్ద విషయమో ఎవరికీ పట్టలేదు.

కొత్త వస్తువులన్నీ మేలే చేస్తాయని నేను అనడం లేదు. సారా, చక్కెర, అప్పు ఎన్నో జాతులను కుంగదీశాయి. పిల్లలు ఫోనుకు అతుక్కుపోతున్నారని మరూబో పెద్దలే వాపోయారు. ఆ దిగులు పడే హక్కు, పరిష్కారం వెతుక్కునే హక్కు వారివి. తమ అభివృద్ధిని తామే నిర్ణయించుకునే హక్కు మూలవాసులకు ఉందని ఐక్యరాజ్యసమితి 2007లోనే ప్రకటించింది. భూమి పోతున్నప్పుడు నోరు మెదపని మనం, చొక్కా మారితే మాత్రం సంస్కృతి పోయిందని ఏడవడం నాకు మింగుడుపడదు.

మీ పత్రికకు ఒక విన్నపం. ఆదివాసుల ఫోటో తీసేటప్పుడు చేతిగడియారం తీసెయ్యమని అడగకండి. ఫోటో కింద వారి మాటలు కూడా వేయండి.

— ఒక పాఠకురాలు