సదస్సు నుంచి తిరిగి వచ్చిన అమ్మాయికి

బ్రాడీపేట,
గుంటూరు.

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

ఆదివారం నువ్వు ఫోనులో గంటసేపు చెప్పిన సంగతులు నాలుగు రోజులుగా నా మనసులో తిరుగుతూనే ఉన్నాయి. అమెరికాలో మీ విశ్వవిద్యాలయంలో భారతీయ విద్యార్థి సంఘానికి కార్యదర్శిగా ఉన్న నిన్ను క్యాంపస్ కార్యక్రమాల బోర్డు వాళ్ళతో పాటు, కాలేజీల్లో వినోద కార్యక్రమాలు నడిపే విద్యార్థుల ప్రాంతీయ సదస్సుకు పంపారనీ, అక్కడ పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా పాఠాలు, ప్రదర్శనలు, స్టాళ్ళు, చర్చలతో ఊపిరి సలపలేదనీ చెప్పావు. "ఇంతకీ ఏం నేర్చుకున్నావమ్మా?" అని నేనడిగితే కాసేపు ఆగి, "చాలా నేర్చుకున్నాను నాన్నా, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు" అన్నావు. ముప్పై ఏళ్ళు బ్యాంకులో పనిచేసి, అందులో పద్దెనిమిదేళ్ళు మన ఊరి శ్రీరామనవమి ఉత్సవ కమిటీ జమాఖర్చులు చూసినవాణ్ణి కనుక, నువ్వు చెప్పినవాటిలో ఏవి నీ దగ్గర నిలిచిపోవాలని నాకు అనిపిస్తున్నదో తీరికగా రాయాలని కూర్చున్నాను.

నువ్వు అన్నిటికంటే ఆశ్చర్యపడుతూ చెప్పింది బ్లాక్ బుకింగ్ గురించి. ఒక గాయకుణ్ణో హాస్య కళాకారుణ్ణో ఒక్క కాలేజీయే పిలిస్తే ఒక ధర, చుట్టుపక్కల మూడు కాలేజీలు ఐదు రోజుల లోపల పిలిస్తే ఒక్కొక్కరికి తగ్గింపు ధర, ఐదు కాలేజీలు కలిసి వారం రోజుల్లో పిలిస్తే ఇంకా తక్కువ ధర అని కళాకారుల కరపత్రాల మీదే అచ్చు వేసి ఉంటుందన్నావు. 1960లో పుట్టిన నేషనల్ అసోసియేషన్ ఫర్ క్యాంపస్ యాక్టివిటీస్ అనే, అక్కడి కాలేజీల్లో కార్యక్రమాలు జరిపేవారి సంస్థకు మూలం కూడా ఈ ఆలోచనేనని చెప్పావు. నీకది కొత్త విషయం. నాకు మాత్రం మన ఊరి రావిచెట్టు కింద కమిటీ కూర్చున్న రాత్రులు గుర్తుకు వచ్చాయి.

పౌరాణిక నాటకాలు ఆడే సమాజం వాళ్ళు తెనాలి వైపు నుంచి మన ఊరికి రావాలంటే నటులకు, హార్మోనిస్టుకు, తబలా వాయించేవారికి, తెరలు కట్టేవారికి, అందరికీ కలిపి వ్యాను మాట్లాడుకోవాలి. ఒక్క రాత్రి ఆటకైనా మూడు రాత్రుల ఆటకైనా ఆ సరంజామా అంతా కదలవలసిందే. అందుకని మన ఊరు, పక్క ఊరు, కాలువ అవతలి ఊరు కలిసి ఒకే కాంట్రాక్టరుకు బయానా ఇస్తే, అతడు మూడు ఊళ్ళకూ ధర తగ్గించేవాడు. చెప్పుకోవడానికి ఇంత తేలిక. కుదిర్చే సంవత్సరం మాత్రం పది రోజులు నిద్ర లేదు. నవమి నాటి రాత్రి మాకే కావాలని మూడు ఊళ్ళూ పట్టుబట్టాయి. దశమి నాడు నాటకం వేయించుకుంటే మా ఊరి పరువేం కావాలని పెద్దలు లేచి వెళ్ళిపోయారు. చివరకు ఏడాదికొక ఊరు చొప్పున నవమి రాత్రిని వంతుగా తీసుకుందామని కాగితం రాసుకుని, మూడు కమిటీల అధ్యక్షులూ సంతకాలు పెట్టాక గానీ ఆ పని తెమలలేదు. మొదటి ఏడాది వంతు మనది కాకపోవడంతో, ఇంటింటికీ తిరిగి ఆ మాట చెప్పి ఒప్పించడం నా మీద పడింది.

అందుకని అమ్మా, బ్లాక్ బుకింగ్‌ను నువ్వు ధర తగ్గించే ఉపాయంగా మాత్రమే గుర్తుపెట్టుకోవద్దు. శుక్రవారం రాత్రి మాకే కావాలన్న పట్టును ఎవరో ఒకరు వదులుకుంటేనే అది జరుగుతుంది. ఆ సదస్సులో పక్క కాలేజీ పిల్లల పక్కన కూర్చుని, మీరు శుక్రవారం తీసుకోండి, మేము బుధవారానికి సర్దుకుంటాం అని నువ్వు చెప్పిన ఆ ఒక్క క్షణం గురించి ఫోనులో అలవోకగా చెప్పి దాటేశావు. నేను ఎక్కువ సంతోషించింది అక్కడే.

ఇక ప్రదర్శనల సంగతి. ఒకరి తరువాత ఒకరుగా కళాకారులు వచ్చి పదిహేను ఇరవై నిమిషాలు తమ ప్రతిభ చూపించి వెళతారనీ, ఆ ఇంద్రజాలికుణ్ణి చూసి మీ బృందమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారనీ, వెంటనే అతణ్ణి మీ క్యాంపస్‌కు పిలవాలని తీర్మానించుకున్నారనీ చెప్పావు. పిలవవద్దని నేను చెప్పను. అయితే నా చేతుల మీదుగా జరిగిన ఒక పొరపాటు నీకు ఇన్నేళ్ళుగా చెప్పలేదు, ఇప్పుడు చెబుతాను.

ఒక సంవత్సరం విజయవాడలో తుమ్మలపల్లి వారి క్షేత్రయ్య కళాక్షేత్రంలో ఒక సాంఘిక నాటిక చూశాను. తండ్రీకొడుకులు రాత్రివేళ వసారాలో కూర్చుని నెమ్మదిగా మాట్లాడుకునే నాటిక అది. కళ్ళనీళ్ళు పెట్టుకుని బయటికి వచ్చి, ఆ రాత్రే ఆ బృందానికి బయానా ఇచ్చి, మన ఊళ్ళో వేయించాను. కళాక్షేత్రానికి వచ్చినవాళ్ళంతా నాటకం కోసమే వచ్చినవాళ్ళు. తలుపులు వేసిన హాలు, చీకటి, గుసగుసగా అన్న మాట కూడా చివరి వరుస దాకా వినిపించే నిశ్శబ్దం. మన ఊళ్ళో ఆరుబయట, ఒక పక్క జీళ్ళ దుకాణాలు, ఇంకో పక్క రంగులరాట్నం, వేదిక మీద రెండే మైకులు. ఐదో వరుస దాటితే మాట వినపడలేదు. అరగంటకల్లా చాపలు దులుపుకుని లేచి వెళ్ళడం మొదలైంది. తండ్రి వేషం వేసిన పెద్దాయన వేదిక మీద నుంచి ఖాళీ అవుతున్న చాపలను చూస్తూ, ఒక్క మాట కూడా తగ్గించకుండా నాటిక పూర్తి చేశాడు. తరువాత మేకప్ తుడుచుకుంటూ, "మీకు నచ్చిందని తీసుకొచ్చారు, వాళ్ళకేం కావాలో అడగలేదు కదండీ" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. ఈనాటికీ దానికి నా దగ్గర జవాబు లేదు.

సదస్సు హాలులో కూర్చున్న ప్రేక్షకులంతా మీలాంటి విద్యార్థి నాయకులే. కార్యక్రమాలంటే ప్రాణం పెట్టేవాళ్ళే అక్కడికి వస్తారు కాబట్టి చప్పట్లకు కొదవ ఉండదు. మీ క్యాంపస్‌లో మంగళవారం సాయంత్రం ల్యాబు నుంచి అలసిపోయి వచ్చే పిల్లవాడు ఆ హాలులో లేడు. ఎవరినైనా కుదుర్చుకునే ముందు అతణ్ణి అడిగి రావాలి. కార్యక్రమం అయిపోయాక కూడా ఎంతమంది వచ్చారో తలలు లెక్కపెట్టడమే కాక, రానివాళ్ళు ఎందుకు రాలేదో కనుక్కోమని ఒక పాఠంలో చెప్పారన్నావే, ఆ పాఠం చెప్పిన వ్యక్తికి నా నమస్కారం.

ఇక్కడే డబ్బు మాట కూడా రాయాలి. మీరు ఖర్చుపెట్టే సొమ్ము విద్యార్థుల దగ్గర ఫీజుతో పాటు వసూలు చేసే కార్యకలాపాల రుసుము నుంచి వస్తుందని చెప్పావు. అంటే రాత్రిపూట హోటల్లో పనిచేసుకుంటూ, మీ కార్యక్రమాల్లో ఒక్కదానికీ రాలేని పిల్ల కూడా అందులో తన వంతు కట్టింది. మన వీధి చివరి పెంకుటింటి ముసలమ్మ నీకు లీలగానైనా గుర్తుండాలి. ఏటా చందా పుస్తకం పట్టుకుని వెళితే కొంగుముడి విప్పి, మడతలు పడిన పది రూపాయల నోటు తీసి, రసీదు అడిగి మరీ పుచ్చుకునేది. ఒక ఏడాది ఆడవాళ్ళ చాపలు జనరేటరు పక్కన వేశారని నేను గమనించలేదు. మర్నాడు చందా లెక్కలు రాసుకుంటుంటే ఆమె వచ్చి, "బాబూ, ఆ మోతలో ఒక్క పద్యం చెవిన పడలేదు, వచ్చే ఏడాదైనా కాస్త ఇటు వేయించండి" అని చెప్పి వెళ్ళిపోయింది. మరుసటి నవమికి ఆమె లేదు. ఆ పది రూపాయల రసీదు నకలు చాలాకాలం నా బల్ల సొరుగులోనే ఉండేది.

చక్రాల కుర్చీలో వచ్చేవారికి దారి, చెవులు వినపడనివారికి సైగల భాషలో చెప్పే మనిషి, భోజనాల బల్ల మీద ఏ వంటకంలో ఏమేమి వేశారో తెలిపే చీటీలు, ఇవన్నీ మొదటి రోజే ఆలోచించాలని అక్కడ నేర్పారని నువ్వు చెబుతుంటే నాకు ఆ ముసలమ్మే కళ్ళ ముందు నిలిచింది. దీపావళి వేడుకకు హాలు మాట్లాడేటప్పుడు అన్నిటికంటే ముందు ఇది చూడు.

ఒప్పందాల విషయంలో నువ్వు నేర్చుకున్నది నూటికి నూరుపాళ్ళూ సరైనది. సదస్సులో ఆసక్తి తెలిపి రావడమే తప్ప నోటితో మాట ఇవ్వకూడదనీ, విశ్వవిద్యాలయం అధికారం ఇచ్చిన ఉద్యోగి మాత్రమే సంతకం చేయాలనీ, కళాకారుడు కోరే వేదిక కొలతలు, విద్యుత్తు, మైకులు, బస, భోజనం వగైరా షరతుల కాగితాన్ని ఆఖరి పంక్తి దాకా చదవాలనీ అన్నావు. బ్యాంకులో సేఫుకు రెండు తాళాలుంటాయి, రెండూ ఒకరి దగ్గర ఉండవు. మీ సంఘంలో కూడా నువ్వూ కోశాధికారీ కలిసి చూడనిదే ఏ బిల్లూ ముందుకు కదలకుండా చూసుకో. హాస్టలు ముందర పచ్చికలో తెలుగు సినిమా వేద్దామనుకున్న ఆలోచనను, బహిరంగ ప్రదర్శనకు హక్కుదారుల నుంచి విడిగా అనుమతి కొనాలని తెలిశాక వాయిదా వేసుకోవడం మంచిదైంది.

ఒక్క విషయం మాత్రం నువ్వు త్వరత్వరగా చెప్పేశావు, నేను నెమ్మదిగా రాస్తాను. జనసమ్మర్దం గురించి ఒక గంట పాఠం విన్నానని అన్నావు. 2023 నవంబరు 25న కేరళలో కొచ్చిన్ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయంలో విద్యార్థులు జరుపుకుంటున్న ఉత్సవంలో ఆరుబయలు రంగస్థలం దగ్గర తొక్కిసలాట జరిగి నలుగురు చనిపోయారు. పాటల కచేరీ మొదలు కావలసిన వేళకు వాన పడింది. బయట నిలుచున్నవాళ్ళు లోపలికి పరుగెత్తారు. గేటు దాటగానే కిందికి దిగే మెట్లు, ముందున్నవాళ్ళు పడ్డారు, వెనక ఉన్నవాళ్ళకు ఆ సంగతి తెలియలేదు. ఆ వార్త చదివిన రాత్రి నీకు ఫోను చేసి, ఏమీ లేదమ్మా, ఊరికే చేశానన్నాను. ఆ ఉత్సవం చేసిన పిల్లలు నీలాంటి పిల్లలే, అందరికీ ఆనందం పంచాలని పూనుకున్నవాళ్ళే. హాలులో ఎంతమంది పడతారు, ద్వారాలు ఎన్ని, అన్నీ తెరిచి ఉన్నాయా, వాన వస్తే జనం ఎటు వెళతారు, ఆపేయమని చెప్పే అధికారం ఆ రాత్రి ఎవరిది అన్న ప్రశ్నలకు జవాబులు కాగితం మీద లేకుండా నువ్వు ఏ కార్యక్రమమూ మొదలుపెట్టవద్దు. టికెట్లు మిగిలిపోయినా, తలుపులు మూసేశామని స్నేహితులు నొచ్చుకున్నా ఫరవాలేదు.

నువ్వు డిగ్రీ చదివే రోజుల్లో నాగార్జున విశ్వవిద్యాలయంలో యువజనోత్సవానికి బృందగానం పాడడానికి వెళ్ళావు. సాయంత్రం హైవే పక్కన గేటు దగ్గర నీ కోసం నిలబడి, బస్సుల్లోంచి దిగే పిల్లలను చూస్తూ ఉన్నాను. భారత విశ్వవిద్యాలయాల సంఘం జరిపించే ఉత్సవాల దాకా మన పిల్లలు సంగీతంలో, నృత్యంలో, నాటకంలో పోటీ పడుతున్నారు, బహుమతులు తెస్తున్నారు. నాకది గర్వంగానే ఉంటుంది. కానీ వేదిక మీద పాడేవాళ్ళు ఒకచోట కలుస్తున్నంతగా, వేదిక వెనక కుర్చీలు వేయించేవాళ్ళు, అనుమతులు తెచ్చేవాళ్ళు, లెక్కలు రాసేవాళ్ళు మన వైపు ఒకచోట కూర్చుని మాట్లాడుకోవడం నేను చూడలేదు. గుంటూరు, విజయవాడల మధ్య గంట ప్రయాణంలో ఇన్ని కాలేజీలుండగా ప్రతి కాలేజీ పిల్లలూ అదే పొరపాటును మొదటినుంచీ తామే చేసి నేర్చుకుంటున్నారు. చివరి సంవత్సరం పిల్లలు పరీక్షలు రాసి వెళ్ళిపోతే, ఏ మైకు సెట్టు వాడు మాట నిలబెట్టుకున్నాడో, ఎవరికి ఎంత బాకీ ఉందో చెప్పే కాగితం ఒక్కటి కూడా మిగలదు. బ్యాంకులో మేము బదిలీ అయితే, ఛార్జి లిస్టు రాసి, తరువాత వచ్చినవారి సంతకం తీసుకుని గానీ కుర్చీ వదిలేవాళ్ళం కాదు. మీ దగ్గర ఏటా పదవి దిగేవాళ్ళు ఎక్కేవాళ్ళకు ఒక ఫైలు అప్పగించాలని ఆ సదస్సులో గట్టిగా చెప్పారట. మే నెల దాకా ఆగకుండా, ఇప్పటి నుంచే నీ ఫైలు నువ్వు రాయడం మొదలుపెట్టు. జరగని కార్యక్రమాలను, చేసిన తప్పులను కూడా అందులో రాయి.

విజయవాడలో ఇంజినీరింగు చదువుతున్న మీ బాబాయి కొడుకును ఫిబ్రవరిలో జరిగే కాలేజీ ఉత్సవానికి సమన్వయకర్తగా ఎన్నుకున్నారు. పోయిన వారం ఇంటికి వచ్చి, పెద్దనాన్నా, పక్క రెండు కాలేజీల వాళ్ళు కూడా అదే వారంలో అదే సంగీత బృందాన్ని విడివిడిగా పిలుస్తున్నారని దిగులుపడ్డాడు. నీ సదస్సు సంగతి, మూడు ఊళ్ళ కాగితం సంగతి చెప్పాను. ఆ రెండు కాలేజీల పిల్లలతో మాట్లాడి వచ్చే బుధవారం వాళ్ళను మన ఇంటికే తీసుకువస్తానన్నాడు. మీ అమ్మ పెసరట్లు వేస్తానంది.

నీ దగ్గరున్న కళాకారుల కరపత్రాల్లో ధరల పట్టిక ఉన్నది ఒకటి, ఖాళీ షరతుల కాగితం ఒకటి, హాలు భద్రతకు ఇచ్చిన ప్రశ్నల పత్రం ఒకటి ఫోటో తీసి బుధవారం లోపల పంపించు. తెలుగులో రాసి ముగ్గురికీ తలొక ప్రతి ఇస్తాను. చలి ముదురుతున్నదని విన్నాం, చెవులకు ఉన్ని టోపీ లేకుండా బయటికి వెళ్ళవద్దని అమ్మ మరీ మరీ చెప్పమంది.

ఆశీస్సులతో,
నాన్న