ఏం తినాలో రాసింది చాలు, ఏం చూపించుకోవాలో కూడా రాయండి

ఎడిటర్ గారికి,

నమస్కారం. మీ ఆరోగ్యం పేజీ నేను వదలకుండా చదువుతాను. గుండెకి ఫలానా గింజలు మంచివి, ఫలానా రసం తాగితే రక్తనాళాలు శుభ్రపడతాయి అని వారం వారం వస్తూనే ఉంటుంది, మా ఇంట్లోవాళ్లు కత్తిరించి ఫ్రిజ్ తలుపుకి అంటిస్తారు కూడా. కొత్తగా ఏం తినాలో చెబితే అందరం చెవులు రిక్కించి వింటాం. ఏం తగ్గించాలి, ఏం మానాలి, ఏం పరీక్ష చేయించుకోవాలి అంటే పేజీ తిప్పేస్తాం. నేనూ ఆ బాపతే కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

నలభై దాటాక ఒకసారి పన్ను పీకించుకోవడానికి వెళ్తే అక్కడ బీపీ చూశారు. 160/100. తలనొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు, నాకు బీపీ ఏంటండీ అని వాళ్లతోనే వాదించాను. బీపీతో వచ్చే చిక్కే అది, నొప్పి పెట్టదు, ఏళ్ల తరబడి రక్తనాళాల గోడల్ని చడీచప్పుడు లేకుండా పాడుచేసి ఏదో ఒకరోజు గుండెపోటుగానో పక్షవాతంగానో బయటపడుతుంది. బీపీ ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి ఆ సంగతే తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సరే, మాత్రలు రాశారు, రెండు నెలలకి రీడింగ్ మామూలుకొచ్చింది, తగ్గిపోయిందిగా అని నా అంతట నేనే ఆపేశాను. తగ్గింది మాత్ర వల్లే అని బుర్రకి తట్టలేదు! మళ్లీ ఎక్కింది, డాక్టరు చేత చివాట్లు తిన్నాను, ఇప్పుడు బుద్ధిగా వేసుకుంటున్నాను. ఇలా మధ్యలో ఆపేసినవాళ్లు నాకు తెలిసినవాళ్లలోనే నలుగురున్నారు.

32 దేశాల్లో జరిగిన ఇంటర్‌స్ట్రోక్ అధ్యయనం ఫలితాలు 2016లో వచ్చాయి. స్ట్రోక్‌లలో, అంటే పక్షవాతాల్లో, పదింట తొమ్మిది వంతులు మనం అదుపులో పెట్టుకోగలిగిన పది కారణాలతో ముడిపడి ఉన్నాయనీ, వాటిలో అన్నిటికంటే పెద్దది బీపీయేననీ తేలింది. మరి మన పేజీల్లో దానికి దక్కే చోటెంత? 'రక్తపోటు అదుపులో ఉంచుకోవాలి' అని చివర్లో ఒక్క ముక్క. ఎలా అన్నది ఉండదు. అసలు సరిగ్గా ఎలా కొలుచుకోవాలో కూడా ఉండదు. ఇంట్లో మిషన్ ఉన్నవాళ్లు చాలామంది మెట్లెక్కి వచ్చీ రాగానే, ఫోన్లో మాట్లాడుతూ, కాలు మీద కాలేసుకుని చూసుకుంటారు, అంకె ఎక్కువ రాగానే టెన్షన్ పడి మళ్లీ చూసుకుంటారు, అది ఇంకా పెరుగుతుంది. వీపు ఆనించి, పాదాలు నేలకి ఆనేలా ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. చెయ్యి బల్ల మీద గుండె ఎత్తులో ఉండాలి. కొలిచేటప్పుడు మాట్లాడకూడదు. ముందు మూత్రానికి వెళ్లి రావాలి, అరగంట ముందు నుంచీ కాఫీ, సిగరెట్ ఉండకూడదు. ఒక నిమిషం ఆగి రెండోసారి చూసి రెండూ రాసిపెట్టుకోవాలి. ఇంతే, ఒక్క బాక్స్‌లో సరిపోతుంది.

ఉప్పు రోజుకి 5 గ్రాములు దాటొద్దంటారు, అంటే చిన్న చెంచాడు. ఈ లెక్క వినగానే అందరూ కూరలో ఉప్పు తగ్గిస్తారు గానీ ప్యాకెట్లలో, సాసుల్లో, చివరికి తియ్యగా ఉండే బిస్కెట్లలో కూడా ఉన్న ఉప్పు లెక్కలోకి రాదు. ప్యాకెట్ వెనక సోడియం అని రాసి ఉంటుంది, అది చదవడం అలవాటు చేసుకుంటే సగం పని అయినట్టే. మొదట్లో చప్పగా ఉంటుంది, కొన్ని వారాలకి నాలుక సర్దుకుంటుంది. నా నాలుకే సర్దుకుందంటే ఎవరిదైనా సర్దుకుంటుంది.

సిగరెట్ గురించి ఒక్క మాట. 'రోజుకి ఒకటే కదా' అనేవాళ్ల కోసం. 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన విశ్లేషణ ప్రకారం, రోజుకి ఇరవై కాల్చేవాడికి గుండెజబ్బు ముప్పు ఎంత పెరుగుతుందో, ఒకటి కాల్చేవాడికి అందులో దాదాపు సగం పెరుగుతుంది. ఇరవైలో ఒక వంతు కాదు! గుండె విషయంలో తగ్గించానంటే కుదరదు, మానేయాల్సిందే. మానేస్తే ఏడాదికే ఆ అదనపు ముప్పు సగానికి పడిపోతుందంటారు.

ఇక వ్యాయామం అనగానే జిమ్ ఫొటో వేస్తారు, అది చూసి నాలాంటివాళ్లు మనవల్ల కాదని వదిలేస్తారు. జెరెమీ మోరిస్ అనే డాక్టరు లండన్ రెండంతస్తుల బస్సుల్లో పనిచేసేవాళ్లని గమనించి 1953లో ఫలితాలు ప్రచురించారు. రోజంతా కూర్చునే డ్రైవర్ల కంటే, మెట్లెక్కుతూ దిగుతూ టికెట్లు కొట్టే కండక్టర్లలో గుండెజబ్బు తక్కువ కనిపించింది. వాళ్లెవరూ జిమ్‌కి పోలేదు. వారానికి 150 నిమిషాల చురుకైన నడక చాలు, ఒక్కసారే చేయక్కర్లేదు, ఐదు నిమిషాల ముక్కలైనా కలుపుకోవచ్చు. నడుస్తూ మాట్లాడగలగాలి గానీ పాట పాడలేకపోవాలి, అదీ వేగానికి గుర్తు. (నేను మామూలుగానే పాడలేను, అది వేరే సంగతి.) నిద్ర, తాగుడు, షుగర్ గురించి మీరు రాస్తూనే ఉన్నారు, మళ్లీ చెప్పను.

చివరగా ఒక విన్నపం. మూతి ఒక పక్కకి వంకర పోయినా, ఒక చెయ్యి పైకెత్తితే కిందికి జారిపోతున్నా, మాట ముద్దగా వస్తున్నా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలని వారం వారం ఒక మూల వేయండి. రక్తం గడ్డకట్టి వచ్చిన స్ట్రోక్‌కి గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి, అదీ స్కాన్ తీశాకే. పడుకుని లేస్తే సర్దుకుంటుందిలే అనుకుంటే ఆ గంటలు నిద్రలోనే పోతాయి. పది నిమిషాల్లో అన్నీ మామూలైపోయినా సరే వెళ్లాల్సిందే, అది పెద్ద స్ట్రోక్‌కి ముందు వచ్చే హెచ్చరిక కావచ్చు. ఈ పది నిమిషాల సంగతి మీ పేజీలో ఇప్పటిదాకా నా కంటపడలేదు.

ఇట్లు,
మీ పాత పాఠకుడు