లైసెన్సు చేతికొచ్చింది సరే, మొదటి జీతం ఎప్పుడు?

సంపాదకులకు,

నమస్కారం.

మొన్న ఆదివారం మా వీధి చివర ఎరువుల కొట్టు బాబాయి గారు మా ఇంటికొచ్చారు. చేతిలో నిగనిగలాడే రంగుల పుస్తకం. వాళ్ళబ్బాయి ఇంటర్ ఎంపీసీ పూర్తిచేసి పైలట్ అవుతానంటున్నాడట. "మీ ఇంట్లో ఒక పైలట్ ఉన్నారు కదమ్మా, కాస్త చూసి చెప్పు" అన్నారు. పుస్తకంలో ఫీజు ఉంది, హాస్టల్ ఉంది, తెల్ల చొక్కా భుజాల మీద బంగారు గీతలతో నవ్వుతున్న పిల్లలున్నారు. 'టైప్ రేటింగ్' అన్న మాట కోసం వెనక అట్ట దాకా వెతికాను. ఎక్కడా లేదు. "అదేంటమ్మా?" అన్నారాయన. దానికి జవాబు చెప్పేసరికి రెండుసార్లు టీ పెట్టాల్సి వచ్చింది. అదే జవాబు మీ పత్రిక ద్వారా మరికొంతమంది తల్లిదండ్రులకు చేరుతుందని ఈ ఉత్తరం రాస్తున్నాను.

రానున్న 15–20 ఏళ్లలో దేశానికి 30 వేల మంది పైలట్లు కావాలని పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు గారు చెప్పారు. ఆ లెక్కతో నాకు పేచీ లేదు. పేచీ అంతా ఆ అంకె ప్రకటనల్లోకి ఎక్కి, పిల్లాడు శిక్షణ ముగించీ ముగించగానే ఉద్యోగం అన్నట్టు వినబడుతున్నందుకే.

మా ఆయన 2017లో హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేశారు. అప్పటికి ఆయనకు 29, మా బాబుకు రెండేళ్లు. మతి పోయిందా అని అడగని చుట్టం లేడు. తెనాలి దగ్గర సర్కారు బడిలో నా టీచరు ఉద్యోగం ఉందిలే అన్న ధీమాతో నేను సరేనన్నాను. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టే పరీక్షల్లో ప్రతి పేపర్‌లోనూ నూటికి 70 మార్కులు వస్తేనే పాస్. ఏడాది పాటు ఇంట్లోనే చదివారు. విమానం రేడియోలో మాట్లాడే పరీక్షకైతే వంటింటి గుమ్మం దగ్గరే సాధన. అత్తయ్య చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే ఎదురుగా పీట వేసుకుని ఏ, బీ, సీలకు రేడియో పేర్లు "ఆల్ఫా, బ్రావో, చార్లీ" అని వల్లించేవారు. ఎల్‌కేజీలో మావాడు "ఎయిట్, నైనర్, టెన్" అని అంకెలు చెప్పొచ్చాడు. రేడియోలో తొమ్మిదిని అలాగే పలకాలని వాళ్ళ టీచరమ్మకు నచ్చజెప్పడం నా వంతైంది.

2018 జూలైలో శిక్షణకు వేరే రాష్ట్రం వెళ్లారు. కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి. ఏడాదిలో అయిపోతుందన్నారు, ఏడాదిన్నర పట్టింది. వానాకాలం మబ్బు, చలికాలం పొగమంచు. ఆకాశం తెరిపిచ్చిన రోజున విమానం షెడ్డులో ఉండేది, విమానం సిద్ధమైన రోజున నేర్పేవారు ఉండేవారు కాదు. రాత్రి ఫోన్ చేస్తే మొదటి మాట "ఇవాళ ఎగిరారా?" అనే. వరసగా పదకొండు రోజులు "లేదు" అన్నది నాకింకా గుర్తు. ఎగిరినా ఎగరకపోయినా హాస్టల్ బిల్లు మాత్రం నెల నెలా ఎగిరేది.

మొదటి సోలో రోజు సంగతి మాత్రం చెప్పాలి. నేర్పే ఆయన ఇంజిన్ నడుస్తుండగానే తలుపు తీసుకుని దిగిపోయి "ఒక్క చుట్టు తిరిగి రా" అన్నారట. పక్క సీటు ఖాళీ. మనిషి బరువు తగ్గేసరికి ఆ చిన్న సెస్నా విమానం రోజూ కంటే ముందే నేల వదిలేసిందని, అప్పుడు తప్ప భయం వేయలేదని చెప్పారు. దిగగానే తోటి పిల్లలు బకెట్లతో బురదనీళ్లు కుమ్మరించారు. అది అక్కడి ఆనవాయితీ. తడిసి ముద్దయిన ఫొటో నాకు స్టాఫ్‌రూంలో పేపర్లు దిద్దుతుండగా వచ్చింది. అత్తయ్యకు చూపిస్తే "పక్కన ఎవరూ లేకుండా ఒక్కణ్ణే పంపారా?" అని అరగంట తిట్టి, మంగళవారం ఆంజనేయస్వామికి ఆకుపూజ చేయించారు.

2020 జనవరిలో లైసెన్సు వచ్చింది. మార్చి 25న దేశంలో ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి, మళ్ళీ మే 25న గానీ ఎగరలేదు. ఆ తర్వాత కూడా కొత్తవాళ్లను తీసుకునే నాథుడు లేడు.

ఇక అసలు లెక్క. లైసెన్సు దాకా మాకైన ఖర్చు 52 లక్షలు. అందులో 30 లక్షలు విద్యారుణం. అంత అప్పుకు బ్యాంకు హామీ అడిగింది, అత్తయ్య పేరు మీదున్న ఇంటి దస్తావేజులు పెట్టాం. మామయ్య గారు పాత పంచె ముక్కలో చుట్టి ట్రంకు పెట్టెలో దాచిన కాగితాలవి. మా ఒప్పందం ప్రకారం కోర్సు ముగిసిన ఏడాదికి కిస్తీలు మొదలు. ఈలోగా పెరిగిన వడ్డీ అసలులో కలిసింది. 2021 జనవరి నుంచి నెలకు 48 వేలు. నా చేతికొచ్చే జీతం 57 వేలు.

లైసెన్సు ఉన్నంత మాత్రాన ఊరకే కూర్చోవడానికీ వీల్లేదు. ఏటా క్లాస్ వన్ వైద్య పరీక్ష, ఏటా ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట ఏమీ కనబడకపోయినా పరికరాలు చూసుకుంటూ ఎగిరే అర్హత) పునరుద్ధరణ. దానికి మళ్ళీ డబ్బు కట్టి ఎగరాలి. ఎయిర్‌బస్ ఏ320 లాంటి పెద్ద విమానం నడపాలంటే ఆ రకానికి విడిగా తీసుకునే శిక్షణే టైప్ రేటింగ్. చాలామంది కొత్తవాళ్లు దాన్ని సొంత డబ్బుతోనే చేయాలి. మాకు 16 లక్షలైంది. కోర్సు ఎప్పుడో ముగిసింది కాబట్టి పాత రుణంలో దానికి చోటు లేదన్నారు. నేను చిట్టీ పాడాను, మా అన్నయ్య కొంత సర్దాడు. 2022 ఆగస్టులో ఉద్యోగం వచ్చింది. లైసెన్సుకీ మొదటి జీతానికీ మధ్య రెండేళ్ల ఏడు నెలలు.

కోవిడ్ మాటిమాటికీ రాదుగా అంటారు. రాదు. కానీ 2012లో కింగ్‌ఫిషర్, 2019లో జెట్ ఎయిర్‌వేస్, 2023లో గో ఫస్ట్ విమాన సంస్థలు ఆగిపోయాయి. అలా ఒక సంస్థ మూతపడ్డప్పుడల్లా వేల గంటల అనుభవమున్న పైలట్లు వచ్చి, 200 గంటల కుర్రాడు నిలబడ్డ వరసలోనే ముందు నిలబడతారు. ఎదురుచూపు ఈ వృత్తిలో ఒక భాగమే. ఆ సంగతి అప్పు కాగితానికి మాత్రం తెలియదు.

ఉద్యోగం వచ్చాక కష్టాలు తీరాయి, వింతలు మొదలయ్యాయి. ఆయనకు కోల్‌కతా బేస్ ఇచ్చారు, అంటే డ్యూటీ మొదలయ్యేది అక్కణ్ణుంచే. 2023లో మా ఇంటికి సంక్రాంతి జనవరి 19న వచ్చింది, డ్యూటీల పట్టికలో సెలవు ఆ రోజే పడింది మరి. అరిసెలు గట్టిపడ్డాయని అత్తయ్య బాధ. కొడుకు నీరసంగా ఉన్నారని ఆవిడ ద్రాక్షారిష్టం సీసా తెచ్చి గ్లాసులో పోస్తే, ఈయన పామును చూసినట్టు వెనక్కి జరిగారు. మర్నాడు డ్యూటీకి ముందు మద్యం పరీక్ష యంత్రంలో ఊదాలి. మద్యం కలిసిన మౌత్‌వాష్ కూడా నిషేధమే, అరిష్టాల్లో ఉండేదీ ఆల్కహాలే. "వైద్యులు ఇచ్చిన మందుకి పోలీసులా?" అని ఆవిడ ఇప్పటికీ నమ్మరు. 2025 డిసెంబరులో ఇండిగో విమానాలు వేలాదిగా రద్దయినప్పుడు విశ్రాంతి అడిగారని పైలట్లను తిట్టినవాళ్ల మీద నాకు చాలా కోపముంది గానీ, అది మరో ఉత్తరం.

నేను అడిగేది ఉచిత సాయం కాదు. పైలట్ శిక్షణకు రుణం మంజూరు చేసేటప్పుడే టైప్ రేటింగ్‌ను కూడా కోర్సులో భాగంగా చూడాలి. కిస్తీలు కోర్సు ముగిసిన తేదీ నుంచి కాక ఉద్యోగంలో చేరిన తేదీ నుంచి లెక్కగట్టాలి. బ్యాంకుకు భయముంటే మూడేళ్లని గడువు పెట్టుకోమనండి. శిక్షణ సంస్థలు లైసెన్సుతో ఆపకుండా మొత్తం ఖర్చును ప్రకటనలోనే వేయాలి. డీజీసీఏ ఈ సంస్థలకు ర్యాంకులివ్వడం మంచి పని. 2025 అక్టోబరు మొదటి జాబితాలో 35 సంస్థలుంటే ఏ ప్లస్ ప్లస్ గానీ ఏ గానీ ఒక్కదానికీ రాలేదు. 13 బీలో, 22 సీలో ఉన్నాయి. ఆ జాబితాలోనే ఇంకో గడి చేర్చాలి: ఇక్కడ లైసెన్సు పొందినవారిలో ఎంతమందికి, ఎన్ని నెలలకు ఉద్యోగం వచ్చింది. బాబాయి గారు అడిగింది అదే. నా దగ్గర మా ఇంటి లెక్క తప్ప జవాబు లేదు.

మంత్రి గారు శ్రీకాకుళం వారే కనుక, ఈ ఉత్తరం కంటబడితే అనువదించి చెప్పే పని ఎవరికీ ఉండదు. మా అత్తయ్య ఇంటి కాగితాలు 2031 దాకా బ్యాంకులోనే ఉంటాయి. ఎరువుల కొట్టు వారి పొలం కాగితాలు ఇంకా ఇంట్లోనే ఉన్నాయి.

ఇట్లు,
ఒక ఉపాధ్యాయురాలు,
తెనాలి