మైకు సిగ్నలు పంచాలంటే ఎర్త్ పిన్ను విరవాలా?

గౌరవనీయులైన సంపాదకులకు,

నల్లగొండ కేంద్రంగా పెళ్లి రిసెప్షన్లు, గణేశ్ నవరాత్రులు, జాతరల్లో పాడే ఒక చిన్న ఆర్కెస్ట్రాలో నేను గాయకుణ్ణి. పాడేవాళ్లం ఇద్దరం, కీబోర్డు, ప్యాడ్స్, గిటారు, ఢోలక్ వాయించేవారు నలుగురు, మొత్తం ఆరుగురం. రెండేళ్ల క్రితం, మా పాట మాకు వినిపించడానికి కాళ్ల ముందు పెట్టే మానిటర్ బాక్సులకు స్వస్తి చెప్పి, చెవిలో పెట్టుకునే మానిటర్లకు మారాము. అప్పటి నుంచి ఇటు దేవరకొండ మొదలుకొని అటు జడ్చర్ల దాకా ఏ ఊళ్లో వేదిక ఎక్కినా, మాకూ స్థానిక సౌండ్ ఆపరేటర్లకూ మధ్య ఒకే విషయం మీద వాదన జరుగుతోంది. ఉత్సవ కమిటీలూ ఫంక్షన్ హాళ్ల యజమానులూ కూడా ఆలోచించవలసిన విషయమని తోచి ఈ లేఖ రాస్తున్నాను.

గాయకుడి గొంతు మైకు నుంచి సభలోని బాక్సులను నడిపే పెద్ద మిక్సర్‌కు వెళ్లాలి. అదే గొంతు మా చెవులకు చేరడానికి, మేము వెంట తెచ్చుకునే చిన్న డిజిటల్ మిక్సర్‌కూ వెళ్లాలి. ఈ రెండో దారిని మిక్సర్‌కు చేరక ముందే, మైకు వైరు దగ్గరే చీల్చాలి. ఆ పని చేసే ఇనుప డబ్బాను స్ప్లిట్టర్ అంటారు. దాన్ని వేదిక మీద పెట్టగానే వినిపించే మాట మాకు కంఠస్థమైపోయింది: “అన్నా, నా మిక్సర్ల నుంచే ఒక వైరు గుంజి ఇస్త గద, మళ్ల గీ డబ్బా ఎందుకు?”

ఆ ప్రశ్న న్యాయమైనదే. కానీ పెద్ద మిక్సర్ ఆక్స్ (సిగ్నలును విడిగా బయటికి పంపే అదనపు లైను) నుంచి వైరు తీసుకుంటే, ఆపరేటర్ చేతిలోని గెయిన్ (మైకు సిగ్నలును పెంచే బుడిపె) మా చెవిలో కూడా తిరుగుతుంది. ఆక్స్‌ను ఫేడర్‌తో (సభకు వెళ్లే శబ్దాన్ని హెచ్చించే, తగ్గించే జారుడు మీటతో) సంబంధం లేకుండా పెట్టినా గెయిన్ మాత్రం రెండింటికీ ఒకటే. పాట మధ్యలో చివరి వరుసకు గొంతు అందడం లేదని ఆయన గెయిన్ కొంచెం తిప్పితే, ఆయనకు అది పావు చుట్టు. రబ్బరు బిరడాతో మూసుకుపోయిన మా చెవికి అది చెంపదెబ్బ. దానికి తోడు మన వైపు చిన్న మిక్సర్లలో ఉండే ఆక్స్‌లు ఒకటో రెండో కాబట్టి, ఆరుగురం ఒకే కలగలుపును వినవలసి వస్తుంది. ఢోలక్ వాయించే ఆయనకు గాయని గొంతు ముందుండాలి, నాకు శ్రుతి కోసం కీబోర్డు కావాలి. మైకును ముందే చీల్చుకుంటే ఎవరి గెయిన్ వారిదే. ఎవరికి ఏది ఎంత కావాలో వారి వారి ఫోన్లలోనే సరిచేసుకుంటారు.

అన్నిటికీ స్ప్లిట్టర్ అక్కరలేదన్న మాటా నిజమే. కీబోర్డు సిగ్నలును మైకు లైనుకు తగ్గట్టు మార్చే డీఐ బాక్సుకు ‘త్రూ’ అనే రెండో రంధ్రం ఉంటుంది, మాకు లైను అక్కడే దొరుకుతుంది. వైర్‌లెస్ మైకు రిసీవర్లలో చాలావాటికి వెనుక ఎక్స్ఎల్ఆర్ (మైకు వైర్లకు ఉండే మూడు పిన్నుల ప్లగ్గు) అవుట్‌పుట్‌తో పాటు 6.35 మిల్లీమీటర్ల జాక్ కూడా ఉంటుంది, రెండూ ఒకేసారి పనిచేస్తాయి. ఒకటి సభకు, ఒకటి మాకు. పైసా ఖర్చు లేని ఈ చీలికను, పదేళ్లుగా అదే రిసీవర్ అద్దెకు తిప్పుతున్న ఒక ఆపరేటర్‌కు చూపిస్తే, ఆయన దాన్ని వెనక్కి తిప్పి చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు. చిక్కంతా వైరు మైకులతోనే.

వైరు మైకును చీల్చడానికి మన దగ్గర ఎక్కువగా వాడేది వై కేబుల్. ఒక ఆడ ప్లగ్గు, రెండు మగ ప్లగ్గులు, నడుమ నల్ల టేపు చుట్టిన ఒక ముడి. దాన్ని నేను పూర్తిగా తప్పుపట్టను. పాడడానికి వాడే డైనమిక్ మైకుల ఇంపెడెన్స్ (సిగ్నలు కరెంటుకు అడ్డుపడే గుణం) 150 నుంచి 300 ఓమ్‌లు ఉంటుంది, మిక్సర్ ఇన్‌పుట్‌ది 2,000 ఓమ్‌లకు అటూ ఇటూ ఉంటుంది. రెండు మిక్సర్లు ఒకే మైకుకు తగిలితే ఆ 2,000 కాస్తా 1,000 అవుతుంది. అందువల్ల తగ్గే శబ్దం సుమారు ఒక డెసిబెల్, వినేవారు గుర్తుపట్టనంత స్వల్పం. (ఇదే ముడిని తలకిందులుగా వాడి రెండు మైకులను ఒకే చానల్‌లోకి కలిపేవారూ ఉన్నారు. అది మాత్రం వద్దు, ఒక మైకు రెండోదాన్ని మింగేస్తుంది.)

వై కేబుల్‌తో అసలు తంటా మైకు ప్లగ్గులోని ఒకటో పిన్నుది. మైకు వైరు చుట్టూ ఉండే అల్లిక తీగ ఆ పిన్నుకే కలుస్తుంది. రెండు మిక్సర్లు రెండు వేర్వేరు చోట్ల కరెంటు తీసుకుంటే, ఆ రెండు చోట్ల ఎర్త్‌ల మధ్య ఉండే స్వల్ప తేడా వల్ల ఈ అల్లిక గుండా కరెంటు ప్రవహిస్తుంది. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కాబట్టి అదే 50 హెర్ట్జ్ రొద బాక్సుల్లో హమ్‌గా వినిపిస్తుంది. ఆ హమ్‌ను ఆపడానికి చేసే పనే నన్ను ఈ లేఖ రాసేలా చేసింది.

కిందటి వేసవిలో మిర్యాలగూడ వైపు ఒక ఫంక్షన్ హాల్లో మా ర్యాక్ (మా చిన్న మిక్సర్ ఉండే పెట్టె) వేదిక పక్కన గోడ సాకెట్‌లో ఉంది, పెద్ద మిక్సర్ హాలు చివర జెనరేటర్ లైను మీద ఉంది. మా స్ప్లిట్టర్‌కు చోటు లేదనడంతో వాళ్ల వై కేబుళ్లతోనే కానిచ్చాము. తగిలించగానే హమ్ మొదలైంది. ఆపరేటర్ తడుముకోకుండా కటింగ్ ప్లయర్ తీసి, పెద్ద మిక్సర్ పవర్ ప్లగ్గుకు ఉండే మూడో పిన్నును, అంటే ఎర్త్ పిన్నును విరిచేశాడు. హమ్ ఆగింది, పెళ్లివారు మెచ్చుకున్నారు కూడా. రెండు గంటలు పాడాము, ఎవరికీ ఏమీ కాలేదు. భోజనాల వేళ మేము మా వైపు వైర్లు తీసి చుట్టుకుంటూ ఉండగా, యాంకర్ అమ్మాయి అదే మైకు అందుకొని అతిథుల పేర్లు చదవబోయి, పెదవి మీద చురుక్కుమనగానే వదిలేసింది. ఆమె చెప్పులు విడిచి, అప్పుడే తుడిచిన తడి గచ్చు మీద నిలబడి ఉంది.

అంతసేపూ కాని షాక్ అప్పుడే ఎందుకైందో ఇంటికి వచ్చాక గానీ నాకు తట్టలేదు. పిన్ను విరిగిన తరువాత ఆ పెద్ద మిక్సర్‌కు మిగిలిన ఎర్త్ మా మైకు వైర్ల అల్లిక తీగే. అది మా ర్యాక్ గుండా గోడ సాకెట్‌కు చేరుతోంది. మేము వైర్లు పీకగానే అదీ పోయింది. పవర్ సప్లై నుంచి మిక్సర్ ఒంటికి ఎప్పుడూ కొద్దిగా కారే కరెంటు, తడి నేల మీద నిలబడిన మనిషిని దారిగా చేసుకుంది. ఆ కొద్దిపాటి కరెంటు చురుక్కుమనిపించి వదిలింది. లోపల ఒక ఫేజు తీగ ఊడి ఒంటికి తగిలి ఉంటే ఆ రోజు పెళ్లి ఏమై ఉండేదో ఊహించడానికి కూడా భయంగా ఉంది.

ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న స్ప్లిట్టర్‌లో ఈ ఇబ్బంది రాదు. అందులో మైకు నుంచి ఒక అవుట్‌పుట్ నేరుగా వెళుతుంది, రెండోది ట్రాన్స్‌ఫార్మర్ గుండా వెళుతుంది. రెండింటి సిగ్నలు తీగల మధ్య కలయిక ఉండదు, అయస్కాంతం ద్వారా సిగ్నలు మాత్రమే దాటుతుంది. హమ్ వస్తే ఆ రెండో వైపున్న గ్రౌండ్ లిఫ్ట్ మీట నొక్కితే మైకు వైరు అల్లిక మాత్రమే విడిపోతుంది. పవర్ ప్లగ్గు ఎర్త్ ఎక్కడిదక్కడే ఉంటుంది, రెండు మిక్సర్లకూ ఉంటుంది. కండెన్సర్ మైకు వాడితే, దానికి కావలసిన 48 వోల్టుల ఫాంటమ్ (మైకు వైరు గుండానే మిక్సర్ పంపే కరెంటు) ట్రాన్స్‌ఫార్మర్‌ను దాటదు కనుక, నేరు అవుట్‌పుట్ తగిలిన మిక్సరే దాన్ని ఇవ్వాలి. ఏ మిక్సర్ ఇస్తుందో సౌండ్ చెక్‌కు ముందు ఒక్క మాట అనుకుంటే చాలు. కరెంటుతో పనిచేసే యాక్టివ్ స్ప్లిట్టర్లూ ఉన్నాయి గానీ, కరెంటు పోయి జెనరేటర్ అందుకునేలోపు అవి సభనూ మమ్మల్నీ కలిపి మూగవాళ్లను చేస్తాయి. మన ఊళ్లకు ట్రాన్స్‌ఫార్మర్ రకమే నయమని నా అభిప్రాయం.

పందిళ్లలో జరిగే కార్యక్రమాలకు కాలం లెక్క కూడా ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం, ప్రభుత్వం ప్రత్యేకంగా సడలించిన రోజులు మినహా రాత్రి 10 తరువాత లౌడ్‌స్పీకర్ మోగకూడదు. అతిథుల ప్రసంగాలు ముగిసి మాకు మైకు దక్కేసరికే ఎనిమిదిన్నర అవుతుంది. హమ్ వెతకడానికి అరగంట పోతే మిగిలేది గంట.

కమిటీలవారికి నా మనవి ఒక్కటే. సౌండ్ మాట్లాడుకునేటప్పుడు ఎన్ని బాక్సులు, ఎన్ని లైట్లు అని అడిగే నోటితోనే, మిక్సర్ ప్లగ్గుకు మూడు పిన్నులూ ఉన్నాయా అని కూడా అడగండి. చీటీలో గాయకుల మైకులకు ట్రాన్స్‌ఫార్మర్ స్ప్లిట్టర్ అని రాయించండి, లేదా ఆర్కెస్ట్రా తెచ్చుకుంటే వేదిక మీద దానికి జానెడు చోటు ఇప్పించండి. వేదికకూ సౌండ్ టేబుల్‌కూ ఒకే బోర్డు నుంచి, సరైన ఎర్త్‌తో లైను లాగించగలిగితే సగం తంటా అక్కడే తీరుతుంది. ఫంక్షన్ హాళ్లవారికి అది ఒక ఎలక్ట్రీషియన్ ఒక్క పూట పని.

మాఘంలో చెర్వుగట్టు, మన్యంకొండ జాతరలతో మాకు మళ్లీ ఊపిరాడని రోజులు వస్తాయి. మా స్ప్లిట్టర్‌కు ఎనిమిది చానళ్లు ఉన్నాయి, మేము వాడేది నాలుగే. మేము పాడే చోటికి ఏ ఆపరేటర్ అయినా గంట ముందు వస్తే, మూత విప్పి లోపలి ట్రాన్స్‌ఫార్మర్లు చూపించి, ఖాళీగా ఉన్న చానళ్లలో తన మైకును తగిలించి చూసుకోనిస్తాము.

భవదీయుడు,
ఒక ఆర్కెస్ట్రా గాయకుడు, నల్లగొండ